1946 ఏరోంకా చాంప్: కొని, బాగుచేసి, అమ్మిన 14 నెలల లెక్క

1946లో తయారైన ఏరోంకా కంపెనీ చాంప్ ఒకటి, గుడ్డ కప్పిన చిన్న విమానం, 2023 ఏప్రిల్‌లో కొన్నాను. 2024 జూన్ చివర్లో అమ్మేశాను. మధ్యలో 62 గంటలు ఎగిరింది. హ్యాంగర్ గోడకు మేకుకొట్టి వేలాడదీసిన నోటుపుస్తకంలో అప్పటికప్పుడు రాసుకున్నవే ఇవన్నీ. కొనాలన్న కోరిక ఎలా పుట్టిందన్నది వదిలేసి నేరుగా పనిలోకి వెళ్తాను. నేనుండేది ఒహాయోలో, డేటన్ దగ్గర. అంకెలన్నీ డాలర్లలో. నా శిక్షణ ఫీజు, రాష్ట్ర పన్ను ఈ లెక్కలో లేవు. పన్ను ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది, మీది మీరే చూసుకోవాలి.

ఇక్కడి మనవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. హెచ్1బీ మీద ఉన్న మనిషి తన పేరున విమానం రిజిస్టర్ చేయించుకోలేడు. పౌరసత్వమో, గ్రీన్‌కార్డో ఉండాలి. నేను గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగాను.

దశ 1: ఏ విమానం

మొదటి ఏడాది ఖర్చుతో కలిపి 25,000 దాటకూడదని గీత గీసుకున్నాను. ఆ డబ్బుకు చాంప్, టేలర్‌క్రాఫ్ట్ బీసీ-12డీ, లస్కోంబ్ 8ఏ, సెస్నా 120 కనిపించాయి. పైపర్ జే-3 కబ్‌కి కూడా ఇదే 65 గుర్రాల ఇంజనే, కానీ ఆ పేరుకు వేరే ధర. టేలర్‌క్రాఫ్ట్‌లో ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే భుజాలు రాసుకున్నాయి. లస్కోంబ్, సెస్నాల ఒళ్ళు రేకు, రెక్కలకే గుడ్డ.

చాంప్ 7ఏసీ వైపు మొగ్గడానికి కారణాలు మూడు. దాదాపు 7,200 తయారయ్యాయి కాబట్టి విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి. ముందు సీట్లోంచి దారి బాగా కనిపిస్తుంది. మూడోది అమ్మకానికి సంబంధించింది. దీని గరిష్ఠ బరువు 1,220 పౌండ్లు. 2004లో వచ్చిన స్పోర్ట్ పైలట్ (తేలిక విమానాల పైలట్) నిబంధనల్లో 2025 దాకా పరిమితి 1,320. అంటే పైలట్ వైద్య సర్టిఫికెట్ బదులు డ్రైవింగ్ లైసెన్సుతోనే నడిపే వీలున్న విమానం. వయసు మళ్ళిన పైలట్లు చాలామంది ఇలాంటివే వెతికేవారు. కొనేరోజే అమ్మేరోజు గురించి ఆలోచించాను, అది మంచిదే అయింది.

ఇది పుట్టింది మా ఇంటికి అరగంట దూరంలోని మిడిల్‌టౌన్‌లో. ఇదే కంపెనీ చేసిన చీఫ్ అనే రెండు పక్కసీట్ల విమానం ఆధారంగానే బెంగళూరులో హెచ్‌ఏఎల్ పుష్పక్ తయారుచేసింది. 1958లో అది మొదటిసారి ఎగిరింది. మన దేశంలో ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎంతోమంది పైలట్లు దాని మీదే నేర్చుకున్నారు. అదీ ఇలాగే ఉక్కు గొట్టాల అస్థిపంజరం మీద గుడ్డ కప్పిన విమానమే.

మూడింటిని చూశాను.

1. ఒహాయో, 16,500. పాత నూలు గుడ్డ. గుడ్డ బలం కొలిచే మౌల్ టెస్టర్‌తో నొక్కితే అంగుళానికి 38 పౌండ్లకే ముల్లు దిగిపోయింది. రెక్క చదరపు అడుగుకు 9 పౌండ్ల లోపు మోసే విమానాలకు కనిష్ఠం 46, అంతకు మించి మోసేవాటికి 56. చాంప్ మోసేది 7 పౌండ్ల పైచిలుకు, కాబట్టి దీనికి 46 చాలు. అదీ లేదు. మొత్తం గుడ్డ మార్చడానికి నాకు చెప్పిన ఖర్చు 24,000. వదిలేశాను.
2. కెంటకీ, 28,000. చూడముచ్చటగా ఉంది. లాగ్‌బుక్కులు (విమానానికి చేసిన పనులు రాసే పుస్తకాలు) సగం లేవు. వదిలేశాను.
3. ఇండియానా, 22,500. 1991లో స్టిట్స్ అనే కంపెనీ పద్ధతిలో పాలియెస్టర్ గుడ్డ వేశారు. అప్పటినుంచి హ్యాంగర్‌లోనే ఉంది. 21,000కి బేరం కుదిరింది.

దశ 2: ప్రీ-బై (కొనేముందు చేయించే తనిఖీ), అందులో మేం చూడనివి

అమ్మేవాళ్ళకు సంబంధంలేని మెకానిక్‌ను 450 ఇచ్చి తీసుకెళ్ళాను. పగలు నాలుగు గంటలు చూశాం.

1. గుడ్డ: రెక్క పైభాగం 64, 66. వీపు మీద 58. ఎండ పడేది పైనే కాబట్టి పైనే కొలవాలి. కింద కొలిస్తే ఏ గుడ్డయినా బాగానే ఉంటుంది.
2. కంప్రెషన్ (ఒక్కో సిలిండర్ గాలిని ఎంత నిలుపుతుందో): 80కి 74, 72, 70, 66.
3. ఆయిల్ ప్రెషర్: వేడెక్కాక 33.
4. రెక్క స్పార్లు (రెక్క పొడవునా ఉండే దూలాలు): ఉన్న నాలుగు తనిఖీ రంధ్రాల్లోంచి అద్దం, టార్చి పెట్టి చూశాం. పగుళ్ళు కనిపించలేదు.
5. తోక దగ్గర గొట్టాలు: బయటినుంచి చేత్తో తడిమి చూశాం.

ఐదోదే పెద్ద తప్పు. ఈ విమానాలు తోక ఆనించి నిలబడతాయి. లోపలికి చేరిన ప్రతి నీటిచుక్కా జారి జారి తోక చివర, కింది గొట్టం మొదట్లో ఆగుతుంది. గుడ్డకు అక్కడ చిన్న డ్రెయిన్ రంధ్రాలు ఉండాలి. ఉన్నాయి, కానీ రంగు పూసినప్పుడు పూడుకుపోయాయి. అది కళ్ళెదుటే ఉన్నా దాని అర్థం మాకు తట్టలేదు.

రెండో తప్పు బల్బు పరీక్ష చేయకపోవడం. పాలియెస్టర్‌ను పాడుచేసేది ఎండలోని అతినీలలోహిత కిరణాలు. వాటిని ఆపేది గుడ్డమీద ఉండే వెండిరంగు పూత. ఆ పూత పలచబడిందో లేదో పగలు తెలియదు. చీకట్లో రెక్క లోపల బల్బు వెలిగించి బయటినుంచి చూడాలి. వెలుతురు పొడసూపిన ప్రతిచోటా పూత లేనట్టే.

మాది చీరాల. ఇంట్లో మగ్గం ఉండేది. కోసిన ప్రతి చీరనూ తాతయ్య గుమ్మంలో ఎండకు ఎత్తిపట్టి చూసేవాడు. పేక ఎక్కడ పలచబడిందో అలా దొరికేది. గుడ్డను వెలుతురుకు పెట్టి చూడాలని నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా ఆరోజు చీకటి పడేదాకా ఆగలేదు.

దశ 3: కాగితాలు

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ దగ్గర ప్రతి విమానానికీ పుట్టినప్పటినుంచి దస్త్రం ఉంటుంది. 10 డాలర్లు కడితే సీడీ పంపారు. అందులో రెండు ఫైళ్ళు. ఒకదాంట్లో మరమ్మతులు, మార్పుల 337 ఫారాలు. రెండోదాంట్లో యాజమాన్యం చేతులు మారిన కాగితాలు. మొదటి ఫైలు రెండు రాత్రులు కూర్చుని అక్షరం వదలకుండా చదివాను. 1972లో కుడి రెక్క కొస దెబ్బతిని బాగుచేశారని అందులోనే తెలిసింది, లాగ్‌బుక్కులో ఒక్క ముక్క లేదు. రెండో ఫైలు పాత అడ్రసులే కదా అని తెరవలేదు. టైటిల్ సెర్చ్, అంటే విమానం మీద పాత అప్పులూ హక్కులూ ఉన్నాయేమో వెతికించడం, కూడా చేయించలేదు. దాని ఫలితం దశ 8లో వస్తుంది.

ఇద్దరం 8050-2 అమ్మకపత్రం రాసుకున్నాం. 8050-1 దరఖాస్తుకు 5 డాలర్లు కట్టాను. దాని కాపీ విమానంలో పెట్టుకుని దేశంలో ఎగరొచ్చు.

ఇప్పటిదాకా: సీడీ 10, మూడు చోట్లకు ప్రయాణాలు 410, ప్రీ-బై 450, విమానం 21,000, రిజిస్ట్రేషన్ 5. మొత్తం 21,875.

దశ 4: ఇంటికి

తోకచక్రం విమానం నడపడానికి అప్పటికి నాకు ఎండార్స్‌మెంట్ (ఇన్‌స్ట్రక్టర్ సంతకంతో ఇచ్చే అనుమతి) లేదు. ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకుని తెచ్చాను, పెట్రోలుతో సహా 380. మొదటి ఏడాది ఇన్సూరెన్స్ 940. నాతో 10 గంటలు ఇన్‌స్ట్రక్టర్ ఎగరాలన్నది వాళ్ళ షరతు.

ఈ విమానానికి బ్యాటరీ లేదు, స్టార్టర్ లేదు. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. మేం పెట్టుకున్న నియమం: తోకకు తాడు, చక్రాలకు దిమ్మెలు, లోపల తెలిసిన మనిషి. మూడింటిలో ఏది లేకపోయినా తిప్పేది లేదు. ఒక్కసారి కూడా సడలించలేదు.

మొత్తం 23,195.

దశ 5: యాన్యువల్ (ఏటా తప్పనిసరిగా చేయించే తనిఖీ), 2023 సెప్టెంబరు

అప్పటికి 31 గంటలు ఎగిరింది. తనిఖీ ఫీజు 900. మూడు దెబ్బలు తగిలాయి.

మొదటిది సిలిండర్. మూడో నంబరు 70 నుంచి 38కి పడిపోయింది. గాలి ఎగ్జాస్ట్ గొట్టంలోంచి బుసకొట్టింది. విప్పితే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఒకవైపు కాలిపోయి ఉంది, కాండం చుట్టూ సీసం పెచ్చు కట్టింది. కాంటినెంటల్ ఏ-65 ఇంజన్‌ను 73 ఆక్టేన్ పెట్రోలు కోసం రూపొందించారు. ఇప్పుడు విమానాశ్రయాల్లో ఎక్కువగా దొరికేది సీసం కలిసిన 100ఎల్‌ఎల్ అనే పెట్రోలు. పైగా నాకంటే ముందు ఇది రెండేళ్ళు దాదాపు కదలకుండా పడి ఉంది. సిలిండర్ పని, గ్యాస్కెట్లు, కూలీ కలిపి 1,480. ఇథనాల్ కలపని కారు పెట్రోలు వాడటానికి ఈ ఇంజన్‌కు ఎస్‌టీసీ (మార్పులకు ఎఫ్‌ఏఏ ఇచ్చే) అనుమతి దొరుకుతుంది. మా దగ్గర అలాంటి పెట్రోలు దొరకలేదు. అందుకని నేల మీద పెట్రోలు-గాలి మిశ్రమం పలచగా నడపడం, ఆపేముందు ఒక నిమిషం వేగంగా తిప్పడం అలవాటు చేసుకున్నాను. తర్వాతి కొలతలు నాలుగూ 70 పైనే ఉన్నాయి.

రెండోది రెక్కలు. స్పార్లు స్ప్రూస్ చెక్కవి, వాటికి అడ్డంగా ఉండే రిబ్బులు అల్యూమినియంవి. రిబ్బును చెక్కకు చిన్న మేకులతో బిగిస్తారు. చెక్క స్పార్లున్న ఈ కుటుంబం విమానాలన్నిటికీ స్పార్ తనిఖీ తప్పనిసరి చేస్తూ ఎఫ్‌ఏఏ ఏడీ (భద్రతా ఆదేశం) ఉంది. ప్రీ-బైలో నాలుగు రంధ్రాల్లోంచి చూసింది చాలదని ఐఏ (యాన్యువల్ చేసే అధికారం ఉన్న మెకానిక్) తేల్చేశాడు. మరో పది చోట్ల ప్లాస్టిక్ రింగులు అంటించి, మధ్యలో గుడ్డ కోసి, కెమెరా గొట్టం దూర్చాం. ఎడమ రెక్క వెనక స్పార్‌లో మూడు మేకులు పావు అంగుళం బయటికి జరిగాయి. పగుళ్ళు లేవు. ఒత్తిడికి చెక్క నలిగితే పొరలకు అడ్డంగా వెంట్రుకవాసి గీత పడుతుందట, దాన్నే వెతకాలి. 1972 మరమ్మతు జరిగిన చోట గంటసేపు చూశాం, శుభ్రంగా ఉంది. మొత్తం 320.

మూడోది తోక. ఐఏ దబ్బనం తీసి తోక కింద గుడ్డ పక్కనుంచి గొట్టాన్ని పొడిచాడు. ఎడమ గొట్టంలోకి మొన దిగిపోయింది.

గుడ్డను 14 అంగుళాలు కోసి చూశాం. లోపల ఎలుక గూడు, తడిసి గట్టిపడిన గడ్డి, దాని కింద తుప్పు. అల్ట్రాసౌండ్ గేజితో మందం కొలిస్తే బాగున్నచోట 0.035 అంగుళాలు, తుప్పుచోట 0.019, దబ్బనం దిగినచోట సున్నా. పాడైన 9 అంగుళాలు కోసేసి, లోపల స్లీవ్ పెట్టి, కొత్త గొట్టం వెల్డ్ చేశారు. 337 ఫారం నింపారు. 1,150. ప్రీ-బై రోజు దబ్బనం ఒక్కసారి పొడిచి ఉంటే ఈ డబ్బు బేరంలో తగ్గేది.

మొత్తం 27,045.

దశ 6: తోక గుడ్డ, 2023 అక్టోబరు-నవంబరు

చిన్న చిరుగులకు అతుకు యజమాని వేసుకోవచ్చు. ఇది అంతకంటే పెద్దది కాబట్టి మెకానిక్ పర్యవేక్షణలో నేను చేశాను, చూసి అతను సంతకం పెట్టాడు. పాత గుడ్డ ఏ పద్ధతిలో వేశారో అతుకూ అదే పద్ధతిలో, అదే సరుకుతో వెయ్యాలి. పద్ధతులు కలపకూడదు. 1991 లాగ్‌బుక్ రాత అందుకే బంగారంతో సమానం.

నాన్నకు ఫోన్లో చెబితే అడిగిన మొదటి ప్రశ్న, “అంగుళానికి ఎన్ని పోగులురా?” అని. పాత గ్రేడ్-ఏ నూలు గుడ్డకు పడుగు, పేక రెండూ 80 నుంచి 84 అని చెప్పాను. “మరి గంజి?” అన్నాడు. నూలు గుడ్డకు గంజి లాంటిదే డోప్, ఆరేకొద్దీ గుడ్డను బిగిస్తుంది. పాలియెస్టర్‌కు అలా కాదు, బిగించేది ఇస్త్రీపెట్టే. అక్కడే నేను దెబ్బతిన్నాను.

మొదటి ప్రయత్నం, చెడింది. ముందు 250 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో, ఆఖర్న 350లో ఇస్త్రీ చెయ్యాలి. 350 దాటితే బిగువు పోతుంది. ఇన్‌ఫ్రారెడ్ తుపాకీతో ఇస్త్రీపెట్టె అడుగు కొలిచి 250 వచ్చాక గుడ్డ మీద పెట్టాను. గుడ్డ ఒక్కసారిగా ముడుచుకుపోయి మూలలో జిగురు ఊడింది. మెరిసే లోహం మీద ఆ తుపాకీ తక్కువ చూపిస్తుంది. తాకించి కొలిచే థర్మామీటర్ పెడితే అసలు వేడి 340. గజంన్నర గుడ్డ, రెండు రోజులు పోయాయి.

రెండోసారి చేసిన క్రమం:

1. థర్మామీటర్ కొసను ఇస్త్రీపెట్టె అడుగుకు తాకించి, వేడి ఎక్కుతూ దిగుతూ ఉంటే ఐదుసార్లు కొలిచాను. ఒకే సెట్టింగులో 25 డిగ్రీల తేడా వచ్చింది. పై అంకెనే లెక్కలోకి తీసుకున్నాను.
2. 250, 350 దగ్గర నాబ్ మీద పెయింట్ పెన్నుతో గుర్తులు పెట్టాను.
3. కోత అంచు చుట్టూ 3 అంగుళాల మేర పాత రంగు కరిగించి తుడిచాను.
4. అతుకు అన్నివైపులా 2 అంగుళాలు పాత గుడ్డ మీదికి వచ్చేలా కోసి పాలీ-టాక్ జిగురుతో అంటించాను. ఒక రాత్రి ఆరనిచ్చాను.
5. 250లో ఒకసారి, 350లో ఒకసారి. వేలితో మీటితే డప్పులా పలికింది.
6. పూతలు వరసగా: గులాబీరంగు పాలీ-బ్రష్, వెండిరంగు పాలీ-స్ప్రే, ఆపైన పసుపు పాలీ-టోన్.
7. కొత్త డ్రెయిన్ రింగులు మూడు. రంగంతా ఆరాక రంధ్రాలు తెరిచాను.

ఆరో అడుగులో కూడా రోజులు పోయాయి. నవంబరు, బయట వాన, హ్యాంగర్‌లో 54 డిగ్రీల ఫారెన్‌హీట్ చలి. పూత తెల్లగా మంచు పట్టినట్టు పొగచూరింది. చల్లటి తేమగాలిలో ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని ఇంకా చల్లబరిస్తే తేమ పూతలోకి చేరుతుంది. రెండు రోజులాగి, హీటర్ పెట్టి 70 దాటించి, పూత ఆరడాన్ని నెమ్మదించే రిటార్డర్ కలిపి మళ్ళీ పూశాను.

అదే హీటర్ రాత్రుల్లో బల్బు పరీక్ష కూడా పూర్తిచేశాను. 20 అడుగుల వైరుకు బల్బు కట్టి ఒక్కో తనిఖీ రంధ్రంలోంచి దూర్చి లైట్లన్నీ ఆపేశాను. కుడి రెక్క చీకటి. ఎడమ ఐలెరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైభాగం నిండా చుక్కలు, వేసవి రాత్రి డాబా మీద పడుకుని చూసే ఆకాశంలా. చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మార్చాలంటే ఐలెరాన్ మొత్తం విప్పాలి. మౌల్ రీడింగు 61 ఉంది కాబట్టి వెంటనే ప్రమాదం లేదు. ఫొటోలు తీసి, చుక్కలున్న జాగాలు కొలిచి రాసిపెట్టాను.

సరుకులు 540. మొత్తం 27,585.

దశ 7: తూకం

పాత కాగితాల్లో ఖాళీ బరువు 742 పౌండ్లు. తోక మరమ్మతు తర్వాత ఊహతో అంకె కలపడం ఇష్టంలేక 200 ఇచ్చి కాటాల మీద ఎక్కించాం. 781 వచ్చింది. ఏళ్ళ పొడవునా వేసిన రంగు పూతలు, మార్చిన సీట్లు, ఎవరూ రాయని చిన్న చిన్న సామాన్లు, అన్నీ కలిసి 39 పౌండ్లు.

లెక్క చూడండి. 1,220లోంచి 781 తీస్తే 439. ట్యాంకు నిండా 13 గ్యాలన్లు, అంటే 78 పౌండ్లు. ఆయిల్ ఏడున్నర. మనుషులకు మిగిలేది 353. నేను 172, ఇన్‌స్ట్రక్టర్ 190. ఇద్దరం కలిస్తే 362. అంటే ఏప్రిల్ నుంచి ఇద్దరం నిండు ట్యాంకుతో ఎగిరిన ప్రతిసారీ తొమ్మిది పౌండ్లు ఎక్కువతో ఎగిరాం, కాగితం మాత్రం సరిపోయిందనే చెప్పింది. ఆ రోజు నుంచి ఇద్దరం ఎక్కితే 11 గ్యాలన్లే పోశాం. కొనేవాళ్ళు ముందుగా కాటా మీద పెట్టించండి, ఆ 200 బేరానికి ముందే ఖర్చు చెయ్యండి.

మొత్తం 27,785.

దశ 8: అమ్మకం, 2024 ఏప్రిల్-జూన్

ఉద్యోగం డల్లస్‌కు మారింది. అక్కడ హ్యాంగర్ దొరకలేదు. గుడ్డ విమానాన్ని టెక్సస్ ఎండలో ఆరుబయట ఉంచడం నావల్ల కాదు.

ప్రకటనలో 27,900 అడిగాను. లోపాలు ముందు రాశాను: ఎడమ ఐలెరాన్ పూత పలచన, 1972 రెక్క మరమ్మతు, నిజమైన ఖాళీ బరువు 781. వాటి కింద తోక గొట్టం ఫొటోలు, తుప్పుతో ఉన్నప్పటివీ, వెల్డ్ తర్వాతవీ. పది మంది ఫోన్ చేశారు. ఇద్దరు ఐలెరాన్ సంగతి వినగానే ఆగిపోయారు. ఒకరు 20,000కే ఇమ్మన్నారు. నాలుగో వారంలో ఒక రిటైర్డు స్కూలు మాస్టారు వచ్చాడు. వచ్చేసరికే తనిఖీ మూతలన్నీ విప్పి, చీకటి పడ్డాక రమ్మని ముందే చెప్పాను. ఇద్దరం బల్బు పట్టుకుని రెక్క కింద గంటసేపు ఉన్నాం. బేరం 26,850 దగ్గర ఆగింది. అతని మెకానిక్ మర్నాడు ఎడమ ఓలియో కాలు (చక్రం కుదుపులను ఆపే నూనె గొట్టం) కారుతోందని పట్టుకున్నాడు. నాకు తెలియని లోపం. 350 తగ్గించాను. 26,500.

అప్పుడు వచ్చింది టైటిల్ సెర్చ్. 1979లో అప్పటి యజమాని ఈ విమానం మీద బ్యాంకు అప్పు తీసుకున్నాడు. అప్పు తీరినట్టు విడుదల పత్రం ఎఫ్‌ఏఏ దస్త్రంలో లేదు. ఆ తర్వాత ఎంతమంది చేతులు మారినా ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. నా సీడీలోని రెండో ఫైలులో, 41వ పేజీలో అది స్పష్టంగా ఉంది. ఆ బ్యాంకు మరోదాంట్లో, అది ఇంకోదాంట్లో కలిసిపోయింది. విడుదల మీద సంతకం పెట్టే మనిషిని పట్టుకోవడానికి ఏడు వారాలు. రోజూ టెన్షనే. మాస్టారు ఆగాడు. వేరేవాళ్ళయితే ఆగేవారు కాదేమో.

ఆఖరి రోజు వరస:

1. డబ్బు వైర్ ద్వారా నా ఖాతాలో పడిందని బ్యాంకుకు ఫోన్ చేసి రూఢి చేసుకున్నాను.
2. ఆ తర్వాతే అమ్మకపత్రం మీద సంతకం.
3. నా రిజిస్ట్రేషన్ కార్డు వెనక కొత్త యజమాని వివరాలు నింపి ఎఫ్‌ఏఏకి పోస్టు చేశాను.
4. ఇన్సూరెన్స్ రద్దు చేసింది అతను ఎగిరిపోయాక, అంతకుముందు కాదు.

చివరి లెక్క: 27,785కి హ్యాంగర్ 14 నెలలు 2,310, పెట్రోలు 266 గ్యాలన్లు 1,490, ఇన్సూరెన్స్ మిగతా రెండు నెలలు 160, ప్రకటన, టైటిల్ సెర్చ్, విడుదల పత్రం ఖర్చులు 235. మొత్తం 31,980. వచ్చింది 26,500. తేడా 5,480. 62 గంటలకు పంచితే గంటకు 88. నేను తోకచక్రం నేర్చుకున్న చోట చాంప్ అద్దె గంటకు 115.

నోటుపుస్తకం కాపీ తీసుకుని అసలుది మాస్టారుకే ఇచ్చాను. గుర్తులు పెట్టిన ఇస్త్రీపెట్టె, మిగిలిన పావు డబ్బా పాలీ-టాక్, దబ్బనం కూడా. బల్బు, 20 అడుగుల వైరు చుట్టచుట్టి వెనక సీట్లో పెట్టి బెల్టు బిగించాను. తోక తాడు విప్పింది నేనే.